పద్నాలుగు భాగాల సీరీస్ అయిపోయింది, ఇప్పుడు ఏం చదవను?

రాత్రిదీపం:
నిన్న రాత్రి 'ది వీల్ ఆఫ్ టైమ్' అనే ఫాంటసీ సీరీస్ చివరి పుస్తకం ముగించాను. పద్నాలుగు భాగాలకు నాకు పదకొండు నెలలు పట్టింది. మధ్యలో ఎనిమిది నుంచి పది దాకా కథ కదలకుండా నిలబడిపోయినట్టు అనిపించి రెండుసార్లు పక్కన పెట్టేశాను. కానీ రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోయాక, ఆయన నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేసిన ఆఖరి మూడు భాగాలు నన్ను నిద్రపోనివ్వలేదు. చివరి పుస్తకంలో యుద్ధం అధ్యాయం ఒక్కటే రెండు వందల పేజీలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని ఒక ఆదివారం కూర్చున్నచోట నుంచి లేవకుండా చదివాను.

ఇప్పుడు చుట్టాలంతా వెళ్లిపోయాక ఇల్లు ఉన్నట్టుంది నా మనసు. ఏది తెరిచినా పది పేజీలకే మూసేస్తున్నాను. దయచేసి ఏదైనా చెప్పండి. కథ పూర్తయిన సీరీస్ అయితే మేలు, ఒక్క పుస్తకమైనా సరే. చిత్రహింసలు, రక్తపాతం పేజీల కొద్దీ ఉంటే నేను చదవలేను. ఇంగ్లీషు ఫర్వాలేదు గానీ మరీ గ్రాంథికంగా ఉంటే నెమ్మదిస్తాను.

మడతపెట్టని పేజీ:
శాండర్సన్ చెయ్యి మీకు నచ్చింది కాబట్టి 'మిస్ట్‌బార్న్' మొదటి మూడు పుస్తకాలు చదవండి. 2006 నుంచి 2008 మధ్య వచ్చాయి, ఆ కథ అక్కడితో ముగుస్తుంది. ఆకాశం నుంచి బూడిద రాలే లోకం. లోకాన్ని కాపాడాల్సిన వీరుడు వెయ్యేళ్ల కిందట ఓడిపోయి ఉంటే ఆ తర్వాత మనుషులు ఎలా బతుకుతారు అన్నది అసలు ఊహ. ఒక దొంగల ముఠా చక్రవర్తినే దోచుకోవాలని పథకం వేస్తుంది.

ఇందులో మంత్రాలు ఉండవు. లోహాలు మింగి, కడుపులో వాటిని మండించి శక్తి తెచ్చుకుంటారు. ఉక్కు మండిస్తే ఎదురుగా ఉన్న లోహాన్ని నెట్టగలరు. ఆ లోహం మీకంటే తేలికైతే అది ఎగిరిపోతుంది, బరువైతే మీరే వెనక్కి పడతారు. నేల మీదికి ఒక నాణెం విసిరి, దాన్ని నెట్టి, గాల్లోకి లేస్తారు. ఈ నియమం పట్టుబడ్డాక పోరాటాలన్నీ కళ్లముందు కనిపిస్తాయి. ఇంగ్లీషు చాలా సులువు. రెండో పుస్తకంలో నగరం ముట్టడి భాగం కాస్త సాగుతుంది, ఓపిక పట్టండి. మూడోది చదివాక మొదటి పుస్తకంలో చిన్నచిన్న వాక్యాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

నీలిసిరా:
మిస్ట్‌బార్న్ మంచిదే, కాదనను. కానీ రాత్రిదీపం గారూ, పద్నాలుగు భాగాల తర్వాత వెంటనే ఇంకో పెద్ద లోకంలోకి వెళ్లకండి. నేను అదే చేశాను. ఒక పెద్ద సీరీస్ అయిన మర్నాడే పది భాగాల 'మలాజన్' మొదలుపెట్టాను. నూట యాభై పేజీల దగ్గర ఎవరు ఎవరో తెలియక ఆపేశాను. అది పుస్తకం తప్పు కాదు. నా తలలో అప్పటికి పాత కథవాళ్లే తిరుగుతున్నారు, కొత్తవాళ్లకు చోటు లేదు.

మధ్యలో ఒక్క పుస్తకం చదవండి. నా మాట విని సుజానా క్లార్క్ 'పిరనేసి' తీసుకోండి. 2020లో వచ్చింది, మూడు వందల పేజీల లోపే. అంతులేని గదులున్న ఒక భవనం, గదుల నిండా శిల్పాలు, కింది అంతస్తుల్లో సముద్రం పోటెత్తుతుంటుంది. అందులో ఒక మనిషి దినచర్య రాసుకుంటూ ఉంటాడు. ఇంతకంటే ఒక్క ముక్క కూడా చెప్పను. వెనక అట్ట మీద ఉన్నది కూడా చదవకండి, ఇంటర్నెట్‌లో వెతకకండి. ఆ మనిషికి తెలియనిది మీకూ తెలియకూడదు, చదవడంలో ఆనందమంతా అదే. నేను ముగించిన రోజు ఇంకేమీ చదవలేదు, టీవీ కూడా పెట్టలేదు.

అటకమీది పుస్తకం:
'నేమ్ ఆఫ్ ది విండ్' ఎవరూ చెప్పలేదేంటి? అంత అందమైన వచనం నేను ఫాంటసీలో ఇంకెక్కడా చూడలేదు.

మడతపెట్టని పేజీ:
ఆయన పూర్తయిన కథ అడిగారు కదండీ. అది మూడు భాగాల కథ, రెండోది 2011లో వచ్చింది, మూడోది ఇంకా రాలేదు. 'సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' ఐదో భాగం కూడా 2011లోనే వచ్చింది, ఆరోదానికి ఇంకా ఎదురుచూస్తున్నాం. అందుకే నేను ఈ రెండూ ఎవరికీ ముందుగా చెప్పను.

అటకమీది పుస్తకం:
నిజమే, ఆయన షరతు నేను సరిగ్గా చూడలేదు. కానీ ఒక మాట చెప్పాలి. ముగింపు లేదని ఆ పుస్తకాలు చదవకుండా ఉండుంటే నేను చాలా పోగొట్టుకునేదాన్ని. సత్రంలో కూర్చుని ఒక మనిషి తన కథ తనే చెప్పుకుంటుంటే వింటున్న ఆ రాత్రులు నావి. మూడో భాగం రాకపోయినా అవి నా దగ్గర నుంచి పోవు. రచయిత మనకు బాకీ ఉన్నాడని కూడా నేను అనుకోను.

నీలిసిరా:
బాకీ సంగతి అలా ఉంచితే, మతిమరుపు సంగతి ఉంది. పదేళ్లు దాటాక సగం పేర్లు గుర్తుండవు, కొత్త భాగం వస్తే పాతవన్నీ మళ్లీ చదవాలి. దానికి సిద్ధమైతే హాయిగా చదవొచ్చు.

నిద్రకు ముందు కథ:
నేను మా పాపకు రాత్రిపూట 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదివి వినిపించాను. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన పుస్తకం. పాపకు ఇంగ్లీషు ఇంకా అంతగా రాదు కాబట్టి, ఒక్కో వాక్యం చూసుకుంటూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. మిగతా పుస్తకాలతో ఇలా చేస్తే నాలుగు వాక్యాలకే నాలుక తడబడుతుంది. ఇది మాత్రం పెద్దవాళ్లు చెప్పిన కథలా తెలుగులోకి వచ్చేసింది. ఎందుకంటే ఆవిడ వాక్యాలు నోటితో చెప్పడానికి రాసినట్టే ఉంటాయి.

ఆ లోకంలో ప్రతి వస్తువుకూ, ప్రతి మనిషికీ ఒక నిజమైన పేరు ఉంటుంది. అది తెలిసినవాడికి దాని మీద అధికారం. అందుకని ఎవరూ తమ పేరు పైకి చెప్పరు, ప్రాణంలా నమ్మినవాళ్లకే చెప్తారు. గెడ్ అనే కుర్రాడు పొగరుతో, నేనేంటో చూపిస్తానని, చెయ్యకూడని మంత్రం వేసి ఒక నీడను లోకంలోకి వదిలేస్తాడు. అది వెంటపడుతుంది, ఇతను పారిపోతుంటాడు. ఒకచోట ఆగి, వెనక్కి తిరిగి, తనే దాన్ని వెతుక్కుంటూ వెళ్తాడు. అక్కడ మా పాప మంచం మీద లేచి కూర్చుంది. సైన్యాలు లేవు, పెద్ద యుద్ధం లేదు, పేజీలు కూడా తక్కువే.

రెండోది 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' చాలావరకు చీకటి సొరంగాల్లో నడుస్తుంది, అందులో టెనార్ అనే అమ్మాయే ముఖ్యం. పాపకు మొదటిదానికంటే ఇదే నచ్చింది. మూడోది 1972లో వచ్చింది. నాలుగోది 'తెహాను' 1990లో, అంటే పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చింది. అది పెద్దవాళ్ల పుస్తకం, ఒళ్లు కాలిపోయిన ఒక చిన్నపిల్లతో మొదలవుతుంది. పిల్లలకు చదవకండి, మీరు మాత్రం చదవండి.

మా నాన్నగారు చిన్నప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'రాకాసి లోయ' సీరియళ్ల కోసం నెలంతా ఎదురుచూసేవారట. గెడ్ కథ ఆయనకూ చెప్పాను. "తర్వాత ఏమైంది?" అని మర్నాడు పొద్దున్నే అడిగారు.

నైట్‌డ్యూటీ:
నేను రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తాను, మనుషుల బాధ రోజూ చూస్తాను. ఇంటికొచ్చాక కూడా అదే చదవలేను. నాలాంటివాళ్లకు కేథరిన్ అడిసన్ 'ది గాబ్లిన్ ఎంపరర్' చెప్తాను. 2014లో వచ్చింది. మయా అనే పద్దెనిమిదేళ్ల అబ్బాయిని చక్రవర్తి అయిన తండ్రి దూరంగా పడేసి ఉంచుతాడు. తండ్రి, ముగ్గురు అన్నలు ఒకే గాలిఓడ ప్రమాదంలో పోతారు. సింహాసనం ఇతని మీద పడుతుంది. చిన్నప్పటి నుంచి దెబ్బలు తిన్న పిల్లవాడు చేతికి అధికారం వచ్చాక కూడా మంచిగా ఉండాలని రోజూ ప్రయత్నించడం, కథంతా అదే. అది చదువుతుంటే నాకు గుండె తేలికపడింది.

పేర్లు మాత్రం కష్టం. పొడుగ్గా ఉంటాయి, ఒకే మనిషికి రెండుమూడు ఉంటాయి. చివర్లో పేర్ల పట్టిక ఉంది, మొదటి యాభై పేజీలు దాన్ని చూసుకుంటూ చదవండి. తర్వాత అలవాటైపోతుంది.

తాబేలు వీపు:
టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్' చెప్పకుండా ఈ చర్చ సాగడం నాకు బాధగా ఉంది! ఒక పెద్ద తాబేలు, దాని మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలాంటి లోకం. ఆదికూర్మం, దిగ్గజాలు తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. మొత్తం 41 నవలలు, 1983 నుంచి 2015 వరకు. భయపడకండి, దేని కథ దానికే పూర్తవుతుంది. వరసలో మొదటిదాంతో మొదలుపెట్టకండి, అది రాసేటప్పటికి ఆయన చెయ్యి ఇంకా కుదురుకోలేదు. 'గార్డ్స్! గార్డ్స్!' తీసుకోండి.

అందులో వైమ్స్ అనే పోలీసు ఉంటాడు. ఈ పోలీసుల కథల్లో తర్వాతి పుస్తకం 'మెన్ ఎట్ ఆర్మ్స్'లో అతని ఆలోచన ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. డబ్బున్నవాడు యాభై డాలర్లు పెట్టి కొన్న బూట్లు పదేళ్లకూ కాలు తడవనివ్వవు. లేనివాడు పది డాలర్ల బూట్లు ఏటా కొంటూ ఆ పదేళ్లలో రెట్టింపు ఖర్చుపెడతాడు, అయినా కాళ్లు తడిగానే ఉంటాయి. నవ్విస్తూ నవ్విస్తూ ఇలాంటివి చెప్తాడాయన. కొన్ని జోకులు ఇంగ్లీషు మాటల మీద ఆడినవి, నాకూ అన్నీ అందలేదు. అందినవి చాలు.

తోడేలు స్నేహితుడు:
రాత్రిదీపం గారూ, మీరు చిత్రహింసలు వద్దన్నారు. దుఃఖం సంగతి ఏమిటి? ఈ రెండూ వేరు కాబట్టి అడుగుతున్నాను. దుఃఖం తట్టుకోగలిగితే రాబిన్ హాబ్ చదవండి. ఆవిడ కథ 'అసాసిన్స్ అప్రెంటిస్'తో 1995లో మొదలైంది, 2017లో ముగిసింది. ఐదు చిన్న సీరీస్‌లుగా మొత్తం పదహారు నవలలు, పూర్తయిపోయింది. మొదటి మూడు చదివి ఆగినా కథ ఒక దరికి చేరుతుంది.

రాజుగారి కొడుక్కి పెళ్లికాకుండా పుట్టిన ఫిట్జ్ అనే పిల్లవాడు. పేరు కూడా లేనివాణ్ణి కోట గుమ్మం దగ్గర వదిలేస్తే, గుర్రాలశాల చూసుకునే బరిచ్ పెంచుతాడు. జంతువుల మనసు వీడికి తెలుస్తుంది, ఆ ఊళ్లో అది సిగ్గుచేటు. దాచుకుని బతకాలి. ఫిట్జ్ తప్పులు చేస్తాడు, చాలా పెద్దవి, మనం పేజీల మీద నుంచి అరిచినా ఆగడు. నాకు కోపం వచ్చి పుస్తకం మూసేసిన రోజులున్నాయి. కానీ మా అన్నయ్య మీద వచ్చే కోపం లాంటిది అది, పరాయివాడి మీద రాదు. ఎంతమంది వీరుల గురించి చదివినా, ముసలితనం దాకా తోడు నడిచినట్టు అనిపించింది ఇతనొక్కడితోనే.

రాత్రిదీపం:
అందరికీ ధన్యవాదాలు. దుఃఖం ఫర్వాలేదండీ. హింసను వర్ణించి వర్ణించి చూపిస్తేనే నాకు కష్టం. పిరనేసితో మొదలుపెడతాను, ఏమీ వెతకను, మాటిస్తున్నాను.

రాత్రిదీపం:
ఐదు వారాలైంది, చెప్పాలనిపించింది. పిరనేసి మూడు రోజుల్లో అయిపోయింది. నీలిసిరా గారూ, నాకు ముందే ఏమీ చెప్పనందుకు మీకు ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఎర్త్‌సీ మూడూ అయ్యాయి. సొరంగాల్లో టెనార్ చీకట్లో గోడ తడుముకుంటూ మలుపులు లెక్కపెట్టుకునే చోట నేను కూడా లెక్కపెట్టాను. మిస్ట్‌బార్న్ తెరిచాను గానీ ఇప్పుడు కాదనిపించింది, ఇంకొన్నాళ్లు ఆగుతాను. అసాసిన్స్ అప్రెంటిస్ ఇవాళ మొదలుపెట్టాను, అరవై పేజీలు అయ్యాయి. తోడేలు స్నేహితుడు గారూ, మీ పేరులో ఉన్న తోడేలు ఇంకా రాలేదేంటి?

తోడేలు స్నేహితుడు:
రెండో పుస్తకంలో వస్తుంది. ఆ పుస్తకం ఇప్పుడే తెచ్చి దగ్గర పెట్టుకోండి.