అరచేతుల సోరియాసిస్‌కి పువా: లోషన్ లోపలికి ఇంకట్లేదా?

గరుకుచేతులు: నమస్తే అండి. నాకు మోచేతులు, అరచేతులు రెండు చోట్లా సోరియాసిస్. పువా చేస్తున్నారు, అంటే సోరాలెన్ (చర్మం మీద లైట్ బాగా పనిచేసేలా చేసే మందు) లోషన్ రాసి యూవీఏ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) లైట్ పెడుతున్నారు, మోచేతుల మీద మచ్చలు బాగా పల్చబడ్డాయి కానీ అరచేతుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. అదే మందు, అదే లైట్, మరి ఎందుకిలా?

నెమలీక: అరచేతుల్లో చర్మం పైపొర చాలా మందం అండి, దాని మీద మళ్లీ పొలుసు, ఈ రెండూ దాటితేనే కదా మందు కింద కణాలకి అందేది. నాకు లోషన్ ఆపేసి సోక్ పెట్టారు, అంటే గోరువెచ్చటి నీళ్లలో మెథాక్సాలెన్ (ఇదీ సోరాలెన్ రకం మందే) కలిపి పావుగంట పైన చేతులు ముంచి ఉంచి, తుడుచుకుని వెంటనే లైట్ కింద పెట్టడం. లీటరుకి పడేది కొద్ది మిల్లీగ్రాములే, అయినా నాని మెత్తబడ్డ చర్మం మందుని బాగా పీల్చుకుంటుంది, అంతటా సమానంగా కూడా పడుతుంది. లోషన్ చేత్తో రాస్తే ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ, ఎక్కువైన చోట కాలుతుంది.

వానచినుకు: ఆ "వెంటనే" అన్నది గట్టిగా పట్టుకోండి. సోక్ తర్వాత చర్మంలో మందు ఎఫెక్ట్ త్వరగా పడిపోతుంది, లైట్ కోసం చాలాసేపు క్యూలో కూర్చుంటే నానబెట్టింది వృథా కావచ్చు. సోరాలెన్ మాత్రలు మింగడం కంటే నాకు ఇదే నయం, వికారం లేదు, రోజంతా నల్ల కళ్లద్దాల గొడవా లేదు, రక్తంలోకి చేరేది బాగా తక్కువ కాబట్టి. అలాగని క్రీమ్ ఒళ్లంతా పూసేసుకోకూడదు, ఏరియా పెరిగితే రక్తంలోకి కూడా బాగానే పోతుంది.

గరుకుచేతులు: పొలుసుకి శాలిసిలిక్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, సెషన్‌కి ముందు రాయొచ్చా?

నెమలీక: పొలుసు తీయడం మంచిదే, మందుకి దారి దొరుకుతుంది. కానీ సెషన్ టైముకి చేతుల మీద ఏ ఆయింట్‌మెంటూ ఉండకూడదు, జిడ్డు పొర మందునీ లైట్‌నీ రెండిటినీ అడ్డుకుంటుంది. ముందు రాత్రి రాసి పొద్దున కడుక్కోవచ్చా అని మీ డాక్టర్‌నే అడగండి.

వానచినుకు: ఇంకోటి, పువా ఎరుపు ఆ రోజు కనపడదు, రెండు మూడు రోజులకి, ఒక్కోసారి నాలుగో రోజుకి పైకొస్తుంది. ఏం కాలేదు కదా అని మర్నాడే డోసు పెంచమని అడగొద్దు, అందుకే సెషన్ల మధ్య గ్యాప్ ఇస్తారు. ఇంటికెళ్లేటప్పుడు చేతులు కడుక్కుని కప్పుకోండి, కారు కిటికీ అద్దం లోంచి కూడా యూవీఏ వస్తుంది.

గరుకుచేతులు: చాలా థాంక్సండీ, ఈసారి వెళ్లినప్పుడు సోక్ గురించి అడుగుతాను.