కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సుకు ఎంబీఏ మేలా, జీ కార్డు మేలా?

ప్రశ్న:
నమస్కారమండీ. నేను బీకాం పూర్తి చేసి, విశాఖపట్నంలో రొయ్యల ఎగుమతి పత్రాలు చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు వద్ద హెచ్ కార్డుతో (బ్రోకరు వద్ద సహాయకుడిగా పనిచేసేవారికి కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు కార్డు) పనిచేస్తున్నాను. సొంతంగా కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు, అంటే ఎగుమతి, దిగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చేసే అనుమతి, తెచ్చుకోవాలని గట్టిగా ఉంది. ఇంట్లోవారు ముందు ఎంబీఏ చేయమంటున్నారు, ఆఫీసులోని పెద్దలు మాత్రం పరీక్ష రాసి పొందే పైస్థాయి జీ కార్డు తీసుకొని పనిలోనే కొనసాగమంటున్నారు. ఫేస్‌లెస్ అసెస్‌మెంటు (అధికారిని కలవకుండా ఆన్‌లైన్‌లోనే సుంకం నిర్ధారించే పద్ధతి) వచ్చాక బ్రోకర్ల అవసరమే తగ్గిపోతుందని కూడా వింటున్నాను. ఈ రంగంలో ఉన్నవారు దయచేసి దారి చెప్పగలరు.

మొదటి సమాధానం:
2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం రెండు దారులూ చెల్లుతాయి. డిగ్రీతో పాటు ఎంబీఏ, ఎల్ఎల్‌బీ, సీఏ వంటి వృత్తి విద్యార్హత అయినా ఉండాలి, లేదా జీ కార్డుదారుగా కనీసం రెండేళ్ల అనుభవమైనా ఉండాలి. హెచ్ కార్డుతో చేసిన కాలం ఈ లెక్కలోకి రాదు కనుక, జీ కార్డు పరీక్షను ఇక వాయిదా వేయకండి. ఆ కార్డు వస్తే పత్రాలపై సంతకం చేసే అధికారం మీకు వస్తుంది, పని నిజంగా అబ్బేది అప్పుడే. ఆ తరువాత నాసిన్ (కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ) నిర్వహించే రాత పరీక్ష, మౌఖిక పరీక్ష ఉంటాయి. 2021 సవరణ తరువాత లైసెన్సును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసిన అవసరం కూడా లేదు.

రెండవ సమాధానం:
నేను హైదరాబాదులో దిగుమతులు చూస్తాను. ఫేస్‌లెస్ పద్ధతిలో మన బిల్ ఆఫ్ ఎంట్రీని (దిగుమతి సరుకు వివరాలు ప్రకటించే పత్రం) వేరే నగరంలోని అధికారి పరిశీలించవచ్చు. ఎదురుగా కూర్చుని వివరించే వీలు లేదు కాబట్టి పత్రమే సమస్తం చెప్పాలి, అందువల్ల సమర్థుడైన బ్రోకరు విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. మీ రొయ్యలనే తీసుకోండి. కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సరుకుల వర్గీకరణ పట్టికలో, పెంకుతో సహా ఉడికించినవి 0306 శీర్షికలోనే ఉంటాయి, పెంకు తీసి ఉడికిస్తే 1605లోకి వెళతాయి. ఎగుమతి ప్రోత్సాహకాల రేట్లను టారిఫ్ అంశాన్ని బట్టి నిర్ణయిస్తారు కనుక, ఈ భేదం తెలియనివారు క్లయింటుకు ఎంత నష్టం తేగలరో ఆలోచించండి.

ఇంకొక మాట. క్లయింటు ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుకు ఇచ్చే కోడ్), జీఎస్‌టీ నంబర్లు సరైనవేనా, చెప్పిన చిరునామాలో అతని వ్యాపారం నిజంగా నడుస్తోందా అని నిర్ధారించుకోవడం బ్రోకరు బాధ్యతే. తప్పితే 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు, లైసెన్సే రద్దు కావచ్చు. తొందరపెట్టే క్లయింటును కాదనగలిగే స్థైర్యం ఏ పరీక్షలోనూ అడగరు కానీ, ఈ వృత్తికి అది తప్పనిసరి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. జీ కార్డుకే దరఖాస్తు చేస్తాను. చదవడం ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రెండవ సమాధానమిచ్చినవారు:
1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూలులోని సాధారణ వ్యాఖ్యాన సూత్రాలతో (ఏ సరుకు ఏ శీర్షికలోకి వస్తుందో తేల్చే నియమాలు) మొదలుపెట్టి, సెక్షన్ నోట్సు, చాప్టర్ నోట్సు వరుసగా చదవండి. తరువాత 1962 కస్టమ్స్ చట్టంలో విలువ నిర్ధారణకు సంబంధించిన 14వ సెక్షనును శ్రద్ధగా చూడండి. మీరు ఇప్పటివరకు చూసినవి ఎగుమతులే కాబట్టి, రోజూ ఒక దిగుమతి పత్రాన్ని తీసుకొని సుంకం మీరే లెక్కగట్టి సరిచూసుకోండి.