అప్రైజల్‌లో మరమ్మతుల షరతు వచ్చింది: అమెరికాలో ఇల్లు కొన్నవారు, అమ్మినవారు తమ అనుభవం చెప్పగలరు

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని రిచర్డ్‌సన్‌లో 1970లలో కట్టిన ఒక ఇంటిని కన్వెన్షనల్ లోన్‌తో (ప్రభుత్వ బీమా లేని మామూలు గృహరుణంతో) కొంటున్నాము. లెండర్ (అప్పిచ్చే సంస్థ) చేయించిన అప్రైజల్‌లో, అంటే ఇంటి విలువ అంచనాలో, వచ్చిన విలువ మేము ఒప్పుకున్న ధరకు తగ్గలేదు కానీ, పడకగది సీలింగ్ మీది నీటి మరక గురించి రూఫర్ చేత పరీక్ష చేయించాలనీ, గ్యారేజీలో బయటికి వేలాడుతున్న కరెంటు తీగలను సరిచేయించాలనీ షరతులు పెట్టారు. మేము పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ ఇంతకంటే చాలా పెద్ద జాబితా ఇచ్చారు. అందులో కాలం చెల్లిన ఏసీ కూడా ఉన్నా, అప్రైజర్ దాని ఊసే ఎత్తలేదు. అమ్మేవారేమో ఒక్క డాలరు కూడా పెట్టేది లేదంటున్నారు. ఈ ఖర్చు ఎవరి మీద పడుతుంది?

లెక్కలపుస్తకం:
కృష్ణాతీరం గారూ, లోన్ ప్రాసెసింగ్‌లో కొన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అప్రైజర్‌ను పిలిపించింది లెండర్. ఫీజు మాత్రం మీది. ఆ ఇల్లు మీకు సుఖంగా ఉంటుందా అన్నది ఆయన చూడరు, రేపు వాయిదాలు ఆగిపోతే లెండర్ చేతికి వచ్చే తాకట్టు ఎలాంటిదో చూస్తారు. అందుకే నడుస్తున్న ఏసీ ఎంత పాతదైనా షరతు కాదు, వేలాడే తీగ షరతు అవుతుంది. లెండర్ల నుంచి గృహరుణాలు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థల లోన్లకు ఇంటి స్థితిని సీ1 నుంచి సీ6 వరకు గుర్తిస్తారు. సీ1 ఇంకా ఎవరూ కాపురం ఉండని కొత్త ఇల్లు. సీ6 భద్రతకో, నిర్మాణ దృఢత్వానికో భంగం కలిగించేంత లోపాలున్న ఇల్లు, వాటిని సరిచేస్తే తప్ప ఫ్యానీ మే ఆ లోన్ తీసుకోదు. అరిగిన కార్పెట్ వంటి చిన్న లోపాలుంటే ఉన్నదున్నట్టుగానే విలువ కడతారు.

మీ నివేదికలోని రెండు షరతులూ ఒకటి కావు. మొదటిది పరీక్ష మాత్రమే: మరక పాతదనీ, కప్పు ఇప్పుడు కారడం లేదనీ రూఫర్ రాసిస్తే సాధారణంగా అది అక్కడితో తీరిపోతుంది. రెండోది మరమ్మతు: పని అయ్యాక సాధారణంగా అప్రైజర్ మళ్లీ వచ్చి చూసి, అది పూర్తయిందని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, దానికి వేరే ఫీజు ఉంటుంది. మరొక మాట, చాలామంది ఇక్కడే పొరపడతారు: షరతుతో ఇచ్చిన విలువ ఆ పని అయిపోయినట్టు ఊహించి కట్టిన విలువ. కాబట్టి అమ్మేవారు ధర తగ్గించినంత మాత్రాన షరతు పోదు.

ఎడిసన్‌వాసి:
మేము ఇల్లు అమ్మినప్పుడు కొనేవారిది ఎఫ్‌హెచ్‌ఏ లోన్, అంటే ప్రభుత్వ బీమా ఉన్న లోన్. మా ఇల్లు 1978కి ముందు కట్టినది కావడంతో, సీసం ఉండవచ్చన్న భయంతో, గ్యారేజీ చూరు కింద పెచ్చులూడిన రంగును కూడా వదిలిపెట్టకుండా గీకించి మళ్లీ వేయించమన్నారు. రూఫ్‌కు కనీసం రెండేళ్ల ఆయువు మిగిలి ఉందా అన్నదీ చూశారు. 2025 మే 25 నుంచి హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలవారికి ఎఫ్‌హెచ్‌ఏ లోన్ లేదు కనుక, మనవాళ్లలో చాలామందికి ఈ నియమాలు ఇకపై అమ్మేటప్పుడే ఎదురవుతాయి.

తూనికరాయి:
టెక్సాస్‌లో ఇళ్ల అమ్మకానికి సాధారణంగా వాడే ట్రెక్ (టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్) ఒప్పంద పత్రంలో, లెండర్ కోరే మరమ్మతుల గురించి ఏడో పేరాలో విడిగా రాసి ఉంటుంది. వేరే విధంగా రాసుకుంటే తప్ప ఆ ఖర్చు పెట్టే బాధ్యత ఇరుపక్షాలలో ఎవరికీ లేదు. ఎవరు పెట్టాలో కుదరకపోతే ఒప్పందం రద్దయి, ఎర్నెస్ట్ మనీ (బయానా) కొనేవారికి తిరిగి వస్తుంది. ఖర్చు అమ్మకపు ధరలో 5 శాతం దాటితే కొనేవారు తప్పుకోవచ్చు. మీ అమ్మకందారుకు ఆ పేరా ఒకసారి చూపించమని రియల్టర్‌కు చెప్పండి. ఈ బేరం చెడినా, లోన్‌తో వచ్చే తరువాతి కొనుగోలుదారు అప్రైజర్ కూడా ఆ తీగలను చూడకపోడు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ, ఎడిసన్‌వాసి గారికీ ధన్యవాదాలు. తీగల పని చిన్నదే కాబట్టి, ఇల్లు మా పేరుకు మారే క్లోజింగ్‌కు ముందు మేమే ఎలక్ట్రీషియన్‌ను పంపితే తప్పేమైనా ఉందా?

లెక్కలపుస్తకం:
చేయించవచ్చు, కానీ ఇల్లు ఇంకా వాళ్లదే. వేరే కారణంతో లోన్ ఆగిపోతే మీరు పెట్టిన డబ్బు వాళ్ల గోడలోనే ఉండిపోతుంది. అందువల్ల ఎవరు చేయిస్తారు, ఎవరు చెల్లిస్తారు, పనిలో ఏదైనా పాడైతే బాధ్యత ఎవరిది అన్నవి ఒప్పందానికి సవరణగా రాయించి, ఇరువైపులా సంతకాలయ్యాకే మనిషిని పంపండి. రూఫర్ పరీక్ష ముందు జరగనివ్వండి. కప్పు కారుతోందని తేలితే తీగలకు పెట్టే ఖర్చు గురించి మీరు మళ్లీ ఆలోచించుకోవలసి వస్తుంది.