ఫోన్ ఉంటే చదువు సాగట్లేదు, లేకపోతే అసలు చదవలేను. ఏం చెయ్యాలి?

చిక్కడపల్లి_బెంచి:
అన్నలూ అక్కలూ, గ్రూప్ 2కి ప్రిపేర్ అవుతున్నా, అశోక్‌నగర్‌లో రూమ్. క్లాసులు యూట్యూబ్‌లో, మెటీరియల్ టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు, కరెంట్ అఫైర్స్ కూడా ఫోన్‌లోనే, అంటే పుస్తకమూ అదే, చెడగొట్టేదీ అదే. తెలంగాణ ఉద్యమం పేపర్‌కి ముల్కీ రూల్స్ (ఉద్యోగాలు స్థానికులకే అనే పాత రూల్స్) తీసి 1969 జీవో 36 దాకా వస్తానో లేదో, వేలు రీల్స్ మీదికి పోయుంటది, ఏ మెసేజ్ రాకపోయినా సరే. ఇంకో బాధ, ఊరికే కూర్చోలేకపోతున్నా. కొట్టు దగ్గర చాయ్ చేతికొచ్చే లోపు కూడా ఏదోటి చూడాలి, లేకపోతే లోపల ఒకటే ఆత్రం. ఇది రోగమా, బద్ధకమా? డోపమైన్ డీటాక్స్ అంటున్నారు, కొన్నాళ్లు ఫోన్ లాంటి సరదాలన్నీ మానెయ్యడమంట, చెయ్యొచ్చా? (అది కూడా రీల్‌లోనే చూశా, నవ్వకండి)

రాత్రి_షిఫ్ట్:
బద్ధకం కాదు తమ్ముడూ. అమెరికాలో గ్లోరియా మార్క్ అని ప్రొఫెసర్ ఉన్నారు, మనుషులు ఒక స్క్రీన్ మీద సగటున ఎంతసేపు నిలుస్తారో ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో రెండున్నర నిమిషాలు, 2012కి 75 సెకండ్లు, తర్వాత 47కి పడిపోయింది. ఇంకోటి కూడా తేల్చారు, పనిలోంచి పక్కకి పోయేది దాదాపు సగం సార్లు మనంతట మనమేనంట, ఎవరూ పిలవకుండానే. నువ్వు చెప్పింది అదే కదా. డీటాక్స్ సంగతి వదిలెయ్, డోపమైన్ అనేది మెదడులో ఉండే రసాయనం, కడిగేసుకునే మురికి కాదు. తర్వాతి రీల్ బాగుంటుందో లేదో తెలీకపోవడమే లాగుతుంది, పైగా ఎంత కిందికి జరిపినా అయిపోదు. ఆ అంతులేని స్క్రోలింగ్ 2006లో కనిపెట్టిన ఆజా రాస్కిన్ కూడా తర్వాత ఎందుకు చేశానా అని బాధపడ్డాడు.

హనుమకొండ_అక్క:
ముందు ఆ పీడీఎఫ్‌లు జిరాక్స్ తీయించు తమ్మీ, సగం పీడ పోతది. క్లాసులు పొద్దుగాల డౌన్‌లోడ్ పెట్టుకొని డేటా బంద్ చెయ్యి. చదివేటప్పుడు ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టుడు కాదు, వేరే రూంల పెట్టాలె. 2017ల టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లు చూసిన్రు, సైలెంట్‌ల పెట్టినా సరే ఎదురుంగ ఉంటే వాళ్లు పెట్టిన జ్ఞాపకశక్తి, ఆలోచన టెస్టులల్ల మార్కులు తగ్గినయట.

పాత_ఆస్పిరెంట్:
అక్కా, ఆ ప్రయోగం తర్వాత వేరేవాళ్లు చేస్తే అన్నిసార్లూ అలా రాలేదు, మరీ గ్యారంటీ ఇవ్వకండి. వేరే గదిలో పెడితే పోయేదేం లేదు, అది ఒప్పుకుంటా. కానీ ఆత్రం అంతా ఫోన్ మీదికి తోస్తున్నారే, అది నాకు నచ్చలేదు. 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చి వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 డిసెంబర్‌లో పరీక్ష పెట్టారు, ఇంట్లో డబ్బులు అడగాలంటే మొహం చెల్లదు, ఊళ్లో కనపడ్డ ప్రతోడూ ఏమైంది ఏమైంది అంటాడు, అట్లాంటప్పుడు ఎవరికి ప్రశాంతంగా ఉంటుంది? ఖాళీగా కూర్చుంటే ఆ భయం బయటికొస్తుంది కాబట్టి రీల్‌తో కప్పేస్తాం. ఫోన్ తీసేస్తే మొదట్లో ఇంకా ఎక్కువ గాబరా పడతావ్, అప్పుడు నావల్ల కాదని మళ్లీ పట్టుకోకు. నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు అంటే మాత్రం మానసిక ఆరోగ్యం కోసం గవర్నమెంట్ పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో అయితే ఫోన్, ఇంటర్నెట్ లాంటి అలవాట్ల కోసమే 2014 నుంచి ప్రత్యేకంగా క్లినిక్ నడుస్తోంది, అంటే ఇది నీ ఒక్కడి గోల కాదు.

చిక్కడపల్లి_బెంచి:
ఇంట్లో డబ్బుల ముచ్చట కరెక్ట్ అన్నా, నాన్న ఫోన్ వచ్చి పెట్టేశాకే ఎక్కువ చూస్తా, ఇప్పుడు అర్థమైంది. నిద్ర బానే పడుతుంది. రేపు ఎకానమీ, ఉద్యమం రెండూ ప్రింట్ తీయిస్తా, రెండు వైపులా వేస్తే పేజీ తక్కువకి ఇచ్చే షాపు అశోక్‌నగర్‌లో ఎక్కడుందో చెప్పండి ఎవరైనా.