రెండు రోజుల హైదరాబాద్‌లో ఒక రోజంతా ఫిల్మ్ సిటీకి ఇవ్వడం న్యాయమేనా?

గౌతమి_గట్టు:
నమస్కారం. మాది రాజమండ్రి. పెళ్లయ్యాక మేమిద్దరమే వెళ్తున్న మొదటి ప్రయాణం ఇది. ఇప్పటిదాకా ఎక్కడికి బయల్దేరినా వెంట ఒక జీపుడు బంధువులుండేవారు. గురువారం రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శుక్రవారం పొద్దున సికింద్రాబాద్‌లో దిగుతాం. శనివారం రాత్రి మళ్లీ అదే బండి. మొదటి రోజు పూర్తిగా రామోజీ ఫిల్మ్ సిటీకే అని మా ఆయన పట్టు. నాకేమో సాలార్ జంగ్ మ్యూజియం, చార్మినార్, లాడ్ బజార్ గాజులు, వీలైతే గోల్కొండ చూడాలని ఉంది. ఉన్నవే రెండు రోజులు. అందులో ఒకటి సెట్టింగులకు ధారపోస్తే హైదరాబాద్ చూశామని చెప్పుకోవచ్చా? మీరే తీర్పు చెప్పండి. ఆయన కూడా ఈ చర్చ చదువుతారు, కనుక కాస్త నా వైపు మొగ్గు చూపండి.

మూసీ_ఒడ్డు:
తీర్పు ఎప్పుడో అయిపోయిందమ్మా. 1591లో కట్టిన చార్మినార్‌ను వదిలేసి 1996లో తెరిచిన అట్ట గోడలు చూడటానికి వస్తారా? ఫిల్మ్ సిటీలో కోట సెట్టింగు గోడను వేలితో కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా కమాను కింద నిలబడి చప్పట్లు కొట్టండి, కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. ఒకరు కింద, ఒకరు పైన నిలబడాలి కాబట్టి ఇద్దరుగా వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి ఆట లేదు. ఎవరు మెట్లెక్కాలన్నది మీరూ మీరూ తేల్చుకోండి.

విశాఖ_కెరటం:
మూసీ గారు ఊరివారు కాబట్టి అలాగే అంటారు. నేను అక్కడికి మా ఆవిడతో వెళ్లిన పర్యాటకుడిగా చెబుతున్నాను. ఫిల్మ్ సిటీలో ఒకసారి టికెట్ కొంటే సాయంత్రం దాకా ఆటోవాళ్లతో బేరాల్లేవు. లోపల తిప్పడానికి వాళ్ల బస్సులే ఉంటాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. చెయ్యి పట్టుకుని నడిస్తే ఎవరూ గుడ్లప్పగించి చూడరు, అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది చేసేది అదే. పక్షుల పార్కు, ఉత్తుత్తి రైల్వే స్టేషను, ఉత్తుత్తి విమానాశ్రయం, ఇవన్నీ చూసి మా ఆవిడ పగలబడి నవ్వింది. కొత్త దంపతులకు చరిత్ర పాఠం కావాలా, ఒక రోజు హాయిగా నవ్వుకోవడం కావాలా?

లెక్కల_మాస్టారు:
భావావేశాలు పక్కన పెట్టి గంటల లెక్క వేద్దాం. ఫిల్మ్ సిటీ విజయవాడ రహదారి మీద, హయత్‌నగర్ కూడా దాటాక ఉంటుంది. నగరం నడిబొడ్డు నుంచి 30 కిలోమీటర్ల పైమాట. బస హైటెక్ సిటీ వైపు తీసుకుంటే దాదాపు 50. గేటు పొద్దున 9కి తెరుస్తారు. సికింద్రాబాద్‌లో దిగి, గది చూసుకుని, స్నానాలూ ఫలహారాలూ అయ్యేసరికే తొమ్మిది దాటుతుంది. ఇక రానూపోనూ ప్రయాణం మూడు నాలుగు గంటలు. మిగిలిన అయిదారు గంటల కోసం ఇద్దరికి టికెట్లకే మూడు వేల అటూ ఇటూ, తిండి అదనం, బయటి తిండి లోపలికి రానివ్వరు. సాలార్ జంగ్, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్ మూడూ కలిపి ఇద్దరికీ అయిదు వందల లోపే. నా ఓటు చెల్లెమ్మకే.

వంకాయ_కూర:
మాస్టారూ, ఖర్చు తక్కువని మ్యూజియానికి వెళ్లేవాళ్లను మిమ్మల్నే చూస్తున్నాను.

లెక్కల_మాస్టారు:
ఖర్చు తక్కువని వెళ్లమనలేదు బాబూ. మిగిలిన డబ్బుతో గాజులు కొనుక్కోవచ్చని నా ఉద్దేశం.

కోఠి_సందు:
అందరూ ఒక మాట మరిచి వాదించుకుంటున్నారు. ఆమె దిగేది శుక్రవారం. శుక్రవారం సాలార్ జంగ్ మూత, చౌమహల్లా ప్యాలెస్ మూత. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు కాబట్టి చార్మినార్ చుట్టూ రద్దీ మామూలుగా ఉండదు. పాతబస్తీ ఎటూ శనివారమే. అప్పుడు ప్రశ్న ఫిల్మ్ సిటీయా, పాతబస్తీయా అన్నది కానే కాదు. శుక్రవారం ఫిల్మ్ సిటీకి వెళ్లాలా, గోల్కొండకు వెళ్లాలా అన్నదే.

విశాఖ_కెరటం:
విన్నారా! ఆయన పట్టు గెలిచినట్టే.

మూసీ_ఒడ్డు:
గోల్కొండ శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది కెరటం గారూ, అంత తొందరెందుకు? పొద్దున తెరవగానే లోపల ఉంటే ఎండ ముదిరే లోపు పైదాకా ఎక్కి దిగవచ్చు. మధ్యాహ్నం గదిలో ఒక కునుకు. రాత్రంతా రైల్లో వచ్చినవాళ్లకు అది కావాలి, ఈ సంగతి ఒక్కరూ మాట్లాడరేమిటి? సాయంత్రం హుస్సేన్‌సాగర్. లుంబినీ పార్కు దగ్గర పడవ ఎక్కితే బుద్ధ విగ్రహం దాకా తీసుకెళ్తారు. ఆ విగ్రహానిదీ ఒక కథ. 1990లో పడవ మీద తెస్తుండగా నీళ్లలో మునిగిపోయింది, కొందరు ప్రాణాలూ పోయాయి. రెండేళ్లకు పైగా సాగర్ అడుగునే ఉండి, 1992లో పైకి వచ్చి నిలబడింది. తర్వాత నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం. దీపాలు వెలిగే వేళ అక్కడి నుంచి నగరం చూడాలి. ఫోన్లు మాత్రం లోపలికి అనుమతించరు, కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. కాసేపు ఫోటోల గొడవ లేకుండా ఇద్దరూ పక్కపక్కన కూర్చోవచ్చు, అదీ లాభమే.

సగం_చక్కెర:
ఇక్కడ మాట్లాడుతున్నవారిలో ఎక్కువ మంది మగవారని తెలిసిపోతోంది. కెరటం గారు మరుగుదొడ్ల సంగతి ఎత్తారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాతబస్తీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరగాలంటే ఆడవాళ్లు మొదట వేసుకునే లెక్క అదే. ఆ భయంతో నీళ్లు తాగకుండా తిరిగేవాళ్లు నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను గౌతమి గారూ, శనివారం మీ రోజును మ్యూజియం, ప్యాలెస్ చుట్టూ అల్లుకోండి. రెండు చోట్లా సదుపాయం ఉంటుంది. బజారు చివరికి పెట్టుకోండి.

ఇంకో మాట. దంపతులుగా వచ్చారు కదా అని ప్రతి నిమిషం కలిసే తిరగాలా? శనివారం పొద్దున ఆయనకు మ్యూజియం విసుగైతే ఎక్కడైనా ఇరానీ చాయ్ తాగుతూ కూర్చోనివ్వండి. మధ్యాహ్నం చార్మినార్ దగ్గర కలుసుకోండి. ఇష్టం లేని మనిషిని గది గదికీ లాక్కుపోతే ఆ ముఖం చూస్తూ మీరూ ఏమీ చూడలేరు.

లెక్కల_మాస్టారు:
పెళ్లయిన కొత్తలో విడివిడిగా తిరగమని సలహాయా? బాగుందమ్మా. మా కాలంలో ఇలాంటి మాట వింటే పెద్దవాళ్లు పంచాయితీ పెట్టేవారు.

సగం_చక్కెర:
రెండు గంటలు మాస్టారూ, రెండు గంటలే. విడాకులు ఇమ్మనలేదు.

వంకాయ_కూర:
సాలార్ జంగ్‌లో విసుగు అన్నది ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు. ముసుగు రెబెక్కా విగ్రహం ముందు నిలబడండి. అది ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది. పాలరాతిలోనే ముసుగు, ఆ ముసుగులోంచి కళ్లూ ముక్కూ కనబడతాయి. రాయి మీద తడిబట్ట కప్పారేమో అనిపిస్తుంది. ఇంకో గదిలో చెక్కతో చేసిన జంట బొమ్మ ఉంది, ముందు వైపు గోథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక వైపు అదే నాటకంలోని అమ్మాయి మార్గరెటా. వెనక అద్దం పెట్టారు కనుక ఇద్దరినీ ఒకేసారి చూడవచ్చు. గడియారం దగ్గరికి మాత్రం పన్నెండుకు కాస్త ముందే చేరండి. లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది. పన్నెండు దెబ్బలు వినాలని జనమంతా ఆ వేళకే పోగవుతారు. పిల్లలకంటే పెద్దవాళ్లే మెడలు ఎక్కువ చాపుతారు.

గౌతమి_గట్టు:
శుక్రవారం మూత అన్న సంగతి చెప్పినందుకు కోఠి గారికి వేల దండాలు. మా ఆయన ఆ ఒక్క వాక్యమే చదివి ఇల్లంతా ఈల వేస్తూ తిరుగుతున్నారు. గోల్కొండ వాదన ఇంకా కొట్టివేయలేదని చెప్పాను. రెండు సందేహాలు. బస ఎక్కడ తీసుకుంటే మంచిది? తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితమంటున్నారు, అది నాకూ వర్తిస్తుందా?

కోఠి_సందు:
వర్తించదండి. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్నవారికే. రాజమండ్రి ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతారు.

బస సంగతి అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చివర అడిగారు. ఫోటోలు బాగున్నాయని గచ్చిబౌలి వైపు తీసుకోకండి. మీరు చూడాలనుకునేవాటిలో గోల్కొండ తప్ప అన్నీ అటు నుంచి దూరమే. రైలు సికింద్రాబాద్‌లో కనుక అక్కడే తీసుకోవచ్చు, లేదా అబిడ్స్, కోఠి. అబిడ్స్ అయితే శనివారం పొద్దున సాలార్ జంగ్‌కు ఆటోలో పదిహేను నిమిషాలు. ఫిల్మ్ సిటీకే పోదామనుకుంటే సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర మారి, ఎల్బీ నగర్‌లో దిగండి. అక్కడి నుంచి సిటీ బస్సో క్యాబో. రోడ్డు మీద పడే నరకంలో సగం తప్పుతుంది. చార్మినార్‌కు మాత్రం మెట్రో లేదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాల్సిందే.

సగం_చక్కెర:
గది బుక్ చేసేటప్పుడు ఇద్దరి గుర్తింపు కార్డులూ ఉన్నాయో లేదో చూసుకోండి. మా చెల్లెలి ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది. ఒక లాడ్జిలో కౌంటర్ దగ్గర కూర్చున్నాయన ఆ కార్డును అటూ ఇటూ తిప్పి, పెళ్లి ఫోటో ఉందా అని అడిగాడు. రాత్రి ప్రయాణం చేసి వచ్చి, చేతిలో పెట్టెలతో, నలుగురి ముందు ఫోన్‌లో పెళ్లి ఫోటోలు వెతుక్కోవడం! పొద్దున ఏడింటికే గది ఇస్తారా, పన్నెండు దాకా ఆగమంటారా అన్నది కూడా ముందే ఫోన్ చేసి తెలుసుకోండి. దంపతులు కాని జంటలకైతే ఇంకా ఇబ్బంది. 2021లో ఇందిరా పార్కులో పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టి, విమర్శలు వచ్చాక తీసేశారు. ఇది ఆ ఊరి వాతావరణంలో ఒక ముక్క, తెలిసి ఉండటం మంచిది.

మూసీ_ఒడ్డు:
బ్యానర్ తీసేశారు కదమ్మా, ఊరంతా అలా ఉండదు. లాడ్ బజార్‌కు రండి, మా వాళ్ల మర్యాద చూడండి. సందులోకి నాలుగడుగులు వేస్తే కుంపటి ముందు కూర్చుని గాజులు చేసేవాళ్లు కనిపిస్తారు. లక్కను వేడి చేసి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది చల్లారేలోపు మెరుపు రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు. వేళ్లు కాలవా అని చూసేవాళ్లకు దిగులు, వాళ్లేమో పక్కవాడితో కబుర్లాడుతూనే ఉంటారు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటివి కావాలంటే లక్కవేనా అని అడిగి, చేతిలోకి తీసుకుని చూసి కొనండి. పక్కనే వేరే సరుకూ అదే మెరుపుతో ఉంటుంది. మొదట చెప్పిన ధరకు మాత్రం కొనకండి, వాళ్లే చిన్నబుచ్చుకుంటారు.

విశాఖ_కెరటం:
మా ఆవిడ అక్కడ బేరమాడుతుంటే నేను గంటన్నర నిలబడ్డాను. ఫిల్మ్ సిటీలో బెంచీలున్నాయి.

మూసీ_ఒడ్డు:
చార్మినార్ పక్కనే చాయ్ దుకాణం ఉంది. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటూ ఉంటే గంటన్నర తెలియదు. మీకు ఎవరూ చెప్పలేదంతే.

గౌతమి_గట్టు:
ఇంట్లో సంధి కుదిరింది. శుక్రవారం ఫిల్మ్ సిటీకి నేను ఒప్పుకోలేదు, గోల్కొండకు ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆయన పెట్టిన షరతు ఇది: గోల్కొండ, పడవ, బిర్లా మందిరం అన్నీ నా ఇష్టప్రకారమే, కానీ వచ్చే వేసవిలో ఫిల్మ్ సిటీకి ప్రత్యేకంగా రావాలి, అప్పుడు నేను పాతబస్తీ పేరెత్తకూడదు. ఒప్పుకున్నాను. శనివారం పదింటికి సాలార్ జంగ్, పన్నెండు గంటలు కొట్టాక మదీనా సెంటర్ వైపు భోజనం, తర్వాత చౌమహల్లా, సాయంత్రం గాజులు, చార్మినార్. బస అబిడ్స్.

కోఠి_సందు:
చార్మినార్ పైకి ఎక్కాలనుకుంటే గాజుల కంటే ముందు ఎక్కండి, సాయంత్రం టికెట్లు ఆపేస్తారు. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, నిటారు. పెద్ద సంచులతో కష్టం. శనివారం సాయంత్రం పాతబస్తీ నుంచి సికింద్రాబాద్‌కు క్యాబ్ నమ్ముకోవద్దు. పెట్టెలు అబిడ్స్‌లో తీసుకుని, ఎంజీబీఎస్‌లోనో సుల్తాన్ బజార్‌లోనో మెట్రో ఎక్కండి. ఆరున్నరకల్లా బజారు వదలాలి.

విశాఖ_కెరటం:
వచ్చే వేసవిలోనా! మే నెలలో ఫిల్మ్ సిటీయా? అన్నగారూ, మీరు చదువుతున్నారంటున్నారు కదా, సంధి పత్రం మీద సంతకం పెట్టకముందే డిసెంబరు అని దిద్దించుకోండి. ఎండలో ఆ ఓపెన్ సెట్ల మధ్య తిరిగితే ఆవిడ మాటే నెగ్గుతుంది.

సగం_చక్కెర:
డిసెంబరు సెలవుల్లో అక్కడ జనం ఎంతమంది ఉంటారో కూడా చెప్పండి మరి.