ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివే పిల్లలకు కాలేజీ పేపరు పని: ఉపయోగమా, కాలం వృథానా?

బరంపురం అమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడే ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం మొదటి సంవత్సరం చదువుతోంది. వాళ్ళ విద్యార్థులు నడిపే పత్రిక ఒకటుంది. పదిహేను రోజులకోసారి ఒడియాలో, ఇంగ్లీషులో వస్తుంది. ఇప్పుడు తెలుగు పేజీ కూడా పెట్టి, పర్యావరణం వార్తలు దీన్నే చూసుకోమంటున్నారు. నెలకు 2,000 ఇస్తారట. వారానికి 12 గంటలు పోతాయి. ఆ టైములో జీఐఎస్ (కంప్యూటరు మీద మ్యాపులు తయారుచేసే) కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది కదా అని మావారి వాదన. అమ్మాయికి మాత్రం పేపరంటే ప్రాణం. నాకు రెండు వైపులా సబబే అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి నుంచి విశాఖ
నేను మీవారి పక్షమే అమ్మా. పదకొండేళ్ళుగా పర్యావరణ కన్సల్టెన్సీలో ఉన్నాను. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళని మేము అడిగేది ఒకటే: చేత్తో ఏం చేయగలవు? మ్యాపు గీయగలవా, గాలి శాంపిలర్ పెట్టగలవా, నీళ్ళలో మురుగు ఎంతుందో చెప్పే బీఓడీ పరీక్షకి ఆ నీళ్ళని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఎందుకు ఉంచుతారో చెప్పగలవా? వార్తలు రాశానంటే బావుందంటారు, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. పైగా ఫ్యాక్టరీల మీద రాసిన పిల్లని రేపు అదే రంగంలో ఎవరు తీసుకుంటారు? ఎమ్మెస్సీ అంటే రెండేళ్ళే. ల్యాబులో గడపాల్సిన సాయంత్రాలు మళ్ళీ రావు.

రుషికుల్య గట్టు
అన్నగారూ, మీరు చెప్పిన పనులన్నీ అవసరమే. కానీ ఆ లెక్కలు చివరికి ఎవరికి చేరుతున్నాయి?

ఫ్యాక్టరీల్లాంటివి పెట్టేముందు పర్యావరణానికి ఏం జరుగుతుందో అంచనా వేయాలనే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలి. ఆ అంచనా రిపోర్టు సారాంశం ఇంగ్లీషులోను, రాష్ట్ర అధికార భాష లేదా స్థానిక భాషలోను ఉండాలి. మా వైపు అంటే ఒడియా. మా ఊళ్ళో తెలుగు పెద్దవాళ్ళు ఒడియా గడగడా మాట్లాడతారు, ఒడియా అక్షరాలు రావు. ఒకసారి మా పక్కనే పెట్టబోయే పనికి అలాంటి నోటీసు వచ్చింది. సభ జరిగిన మూడో రోజున మా నాన్నకి తెలిసింది. నోటీసు పడిన పేపరు మా ఇంట్లోనే ఉంది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

సముద్రపు తాబేళ్ళ సంగతి చూడండి. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అవి గుంపుగా గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటికోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. ఇది కాక చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా 61 రోజుల నిషేధం ఇంకొకటి. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏది ఎక్కడిదాకా, ఏ బోటుకి వర్తిస్తుంది, ప్రభుత్వ సాయానికి ఏ కాగితం చూపించాలి? గంజాం తీరంలో వేటకి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. వాళ్ళకి ఇదంతా తెలుగులో కూర్చుని చెప్పినవాళ్ళు ఎంతమంది?

గుడ్లు 45, 50 రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు రాత్రిపూట వెలుగు ఉన్న వైపుకి పాకుతాయి, దీపాలు కనిపిస్తే సముద్రం వదిలి ఊరివైపు వచ్చేస్తాయి. ఈ ఒక్క ముక్క ఊళ్ళో అందరికీ తెలిసేలా రాస్తే, ఆ నాలుగు రాత్రులు వీధి దీపాలు ఆపమని ఊరివాళ్ళే అడుగుతారు. విషయం తెలిసిన పిల్ల రాయాల్సిన వార్త అది.

కొడుకు అమెరికాలో
మావాడు అక్కడ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ చదువుతూ క్యాంపస్ పేపర్లో చేస్తున్నాడు. పెద్ద పేపర్లలో రిపోర్టరు, కాపీ ఎడిటరు, ఫొటోలు, ప్రకటనలు అని జీతం పోస్టులు వేరువేరుగా ఉంటాయి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్ళు క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. పేపరు యూనివర్సిటీది కాక విడి సంస్థయితే, అది క్యాంపస్ పని కింద వస్తుందో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే కనుక్కోవాలి. వాడు నేర్చుకున్నది ఒకటి నాకు నచ్చింది: వంద పేజీల రిపోర్టు చదివి, అసలు విషయం ఏ పేజీలో ఉందో పట్టుకోవడం.

బొబ్బిలి కోడలు, రాయగడ
అమ్మా, ఆ 2,000 కాగితం మీద రాసి ఇచ్చారా? నేను డిగ్రీలో ఉండగా ఒక పత్రికకి ఏడాది పని చేశాను. గౌరవ వేతనం అన్నారు, ఒక్క నెలా ఇవ్వలేదు. పరీక్షల వారం కూడా పేజీలు పెట్టించారు. గంటలు, డబ్బు, పరీక్షలప్పుడు సెలవు, ఈ మూడూ రాయించుకోకుండా చేర్చకండి.

పర్లాకిమిడి నుంచి విశాఖ
రుషికుల్య గారూ, నోటీసు గురించి మీరు రాసింది రాత్రంతా నా బుర్రలో తిరిగింది. ఆ సారాంశాలు రాసేది మాలాంటివాళ్ళమే. చదివేవాళ్ళలో తెలుగువాళ్ళు ఉంటారని పర్లాకిమిడిలో పుట్టిన నాకే తట్టలేదు. మీ నాన్నగారి విషయం విని బాధ కలిగింది.

అయినా 12 గంటలకి మాత్రం నేను ఒప్పుకోను. ఆరు చాలు. పేపర్లో రాసే అమ్మాయి ల్యాబు మానేస్తే ఆ రాతకీ బలం ఉండదు. గాలిలో పీఎం 10 అనే సన్న దుమ్ము ఒక రోజు సగటు ఘనమీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని అందరూ రాస్తారు. ఆ యంత్రం ఎక్కడ పెట్టారు, రోడ్డు పక్కనా, తోటలోనా అని అడగాలంటే యంత్రం పెట్టిన చెయ్యి కావాలి.

రుషికుల్య గట్టు
ఆ ప్రశ్న అడిగే రిపోర్టరు మా జిల్లాకి ఒక్కరున్నా చాలన్నా. ఆరు గంటలంటే నాకూ సమ్మతమే.

బరంపురం అమ్మ
అందరి మాటలూ అమ్మాయికి చదివి వినిపించాను. వారానికి ఆరు గంటలు, పరీక్షల నెల సెలవు, డబ్బు సంగతి రాసివ్వాలని అడిగితే ఒప్పుకున్నారు. జీఐఎస్ కోర్సు వేసవిలో చేస్తుంది. మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ మొదటి వార్తకి రెండు నిషేధాల గురించి అడగడానికి అమ్మాయి ఈ ఆదివారం రుషికుల్య మొగ దగ్గరి పొడంపేట వెళ్తానంటే, ఒక్కదాన్నే పంపనని ఆయనే బండి తీస్తున్నారు.