వైజాగ్‌లో అద్దెకుండాలా, అనకాపల్లి నుంచి రోజూ తిరగాలా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి నాకు వైజాగ్ సిరిపురంలో ఉద్యోగం. మేమిద్దరం, ఒకటో తరగతి పాప, మా అత్తయ్య. మొన్న ఆదివారం మధురవాడలో డబుల్ బెడ్‌రూమ్ చూశాం. అద్దె 16,000, మెయింటెనెన్స్ 2,000. బాగుందనుకునేలోపు మెట్ల దగ్గర వాచ్‌మన్ మెల్లగా అన్నాడు, "ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తారు సార్, ఆ డబ్బులు వేరే" అని. ఓనరు ఆ ముక్కే ఎత్తలేదు!

అనకాపల్లిలో అంతే ఇల్లు 8,500కి ఉంది. అక్కడి నుంచి వైజాగ్ సుమారు 35 కిలోమీటర్లు. రైలు సీజన్ టికెట్ చవకే. కానీ కొన్ని బళ్లు వైజాగ్ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి, అక్కడ దిగితే మళ్లీ బస్సో ఆటోనో. బైక్ మీద రోజూ 70 కిలోమీటర్లంటే, పెట్రోలు సంగతి అటుంచి, నా నడుం ఒప్పుకోదు.

రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు కాస్త చెప్పండి. పొద్దున 9:30కల్లా ఆఫీసులో ఉండాలంటే ఏ బండిని నమ్ముకోవచ్చు? సాయంత్రం లేటైతే ఎలా వెళ్తున్నారు? స్కూలు ఫీజుల్లో తేడా ఎంతుంటుంది? పోనీ గోపాలపట్నం, పెందుర్తి వైపు మధ్యస్తంగా ఏమైనా దొరుకుతుందా? గురువారంలోగా మధురవాడ ఓనరుకి అడ్వాన్స్ సంగతి తేల్చి చెప్పాలి.